ఖాళీ దిబ్బ మీద కానుగ

ఘజియాబాద్,
1997 మే నెల, ఆఖరి వారం.

చౌడు నేలల్లో మొక్కలు పెంచు పథకం పెద్ద అధికారి శ్రీ జనార్దనరావు గారి సముఖమునకు, రిటైర్డు లిఫ్టు ఆపరేటరు చాట్ల కృపారావు స్వయంగా వ్రాసి దాఖలు చేసుకొను అర్జీ.

విషయం: హిండన్ ఏటి అవతల తమరి తోట గేటుకు వేసిన తాళం తీయించుట, మా వాళ్ళను మా వాళ్ళ పక్కన పూడ్చుకోనిచ్చుట, మరియు ఒక మొక్క ఇప్పించుట గురించి.

అయ్యా,

తమరికి మనవి చేసుకొనుట ఏమనగా, ఈ కాగితం సగం చదివి గుమాస్తా చేతికి ఇవ్వవద్దు. గుమాస్తా చేతిలో పడితే దాని మీద నంబరు పడుతుంది. నంబరు పడిన కాగితం ఇక కదలదు. జూన్‌లో తమరి తనిఖీ ఉన్నది. నాకు కూర్చుంటే నిలబడాలనిపిస్తున్నది, నిలబడితే ఏటి వైపు పోవాలనిపిస్తున్నది. ఈ అర్జీ కూడా ఒకచోట కూర్చుని రాసింది కాదు. కొంత మంచం మీద, కొంత గుడి మెట్ల మీద, కొంత తమరి ఆఫీసు బయట టీ కొట్టు బల్ల మీద రాశాను. అక్షరం వంకరగా ఉంటే అది బల్ల తప్పు. మాట వంకరగా ఉండదు.

నా చదువు ఆదివారం బడిలో నేర్చిన అక్షరాలు. అంతకు మించి లేదు. అయినా ఎవరి చేతా రాయించలేదు, రాసేవాళ్ళు నా మాటను మెత్తగా దంచి రాస్తారు. తాళం పడ్డాక, ఇంతకు ముందున్న ఆఫీసరు గారికి హిందీలో రాయించి ఇచ్చాము. ఆయన బదిలీ అయ్యారు, మా కాగితం అవలేదు. తమరు వచ్చాక తమరి డ్రైవరును అడిగితే సాబ్ మద్రాసీ అన్నాడు. ఇక్కడ మనందరినీ అలాగే అంటారు కాబట్టి నేను నమ్మలేదు. గుంటూరు అన్నాక నమ్మాను. నాది రేపల్లె దగ్గర. అందుకే తెలుగులో రాస్తున్నాను. ఇది సిఫార్సు కాదు.

అర్జీలో నంబరుకు ఒక్క కష్టమే రాయాలని మా ఆస్పత్రి హెడ్ గుమాస్తా అనంతరామయ్య గారు అనేవారు. నా కష్టాలు అలా విడివిడిగా లేవు. అయినా పద్ధతి ప్రకారం నంబర్లు వేస్తున్నాను.

1. ముందుగా ఆ స్థలం ఏమిటో తమరు తెలుసుకోవాలి. మేము కోస్తా జిల్లాల నుంచి ఇక్కడి ఆస్పత్రుల్లో పనికి వచ్చిన క్రైస్తవులం. నర్సులు, ఆయాలు, వార్డు బాయిలు, బట్టలు ఉతికేవాళ్ళు, నాలాంటి లిఫ్టువాళ్ళు. బతికినంత కాలం ఇక్కడ మాకు చోటు దొరికింది. చచ్చాక దొరకలేదు. పట్నంలో ఉన్న సమాధుల తోటలు నిండిపోయినవి. ఉన్న కాస్త చోటు పాతకాపులకే. అప్పుడు హిండన్ అవతల ఊరి చౌదరి గారి తల్లి మా ఆస్పత్రిలో చాలా కాలం మంచాన పడి ఉన్నది. ఆమెకు ఒళ్ళు తుడిచి, అన్నం తినిపించి, ఆయాగా చేసింది నా భార్య సువార్తమ్మ. చౌదరి గారు ఏదైనా అడగమంటే సువార్తమ్మ చీర అడగలేదు. మా వాళ్ళను పెట్టుకోవడానికి కాస్త నేల అడిగింది. ఏటి ఒడ్డున తెల్లగా ఉప్పు పేరిన చౌడు నేల ఉన్నది, అందులో గోధుమ కాదు గదా గడ్డి కూడా మొలవదు, పెట్టుకోండి అన్నాడు. రాళ్ళు కట్టవద్దు, ఊళ్ళో మాట వస్తుంది అన్నాడు. కాగితం మేము అడగలేదు, ఆయన ఇవ్వలేదు. నోటిమాట. ఆయన ఇప్పుడు లేడు.

రాళ్ళు కట్టవద్దన్నాడు కాబట్టి మావన్నీ మట్టి దిబ్బలే. కర్ర సిలువలు పెడితే చలికాలంలో ఎవరో పీక్కుపోయి మంట వేసుకునేవారు. ఈ ఊరి చలి తమరికి తెలుసు, నేను వాళ్ళను తిట్టను. అందుకని దిబ్బే గుర్తు, వరసే గుర్తు. వరస తప్పకుండా రెండు మేకుల మధ్య తాడు కట్టి తవ్వించేవాడిని నేనే. లిఫ్టు నేలకు సమంగా ఆగకపోతే నాకు ఎలా ఒళ్ళు మండేదో, వరస వంకరపోయినా అలాగే మండుతుంది. ఏడుస్తున్న వాళ్ళను కూడా పక్కకు జరిపి తాడు సరిచూసేవాడిని. కృపారావుకు గుండె లేదు, తాడు ఉన్నది అని వెనక అనుకునేవారు. అనుకోనీ.

2. సువార్తమ్మ పోయినప్పుడు ఆమెను నాలుగో వరసలో పెట్టాము. ఆమె పక్కన ఇంకొక దిబ్బ పోశాను. అది ఖాళీ దిబ్బ, నాది. తమరు మన వైపు వారు కాబట్టి అర్థమవుతుంది. రేపల్లె బస్సు కదలకముందే కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు ఆపుకుంటాము కదా, అలాంటిదే. ఆస్పత్రిలో మా వాళ్ళు తరచుగా పోతూనే ఉంటారు, ఎవరినైనా తెచ్చి ఆమె పక్కన పెడితే నేను లేవమనలేను గదా.

మా పాస్టరు గారు కోప్పడ్డారు. బతికుండగా ఈ సమాధి ఏమిటి కృపారావు గారూ, ఇది అవిశ్వాసం అన్నారు.

"అక్కడి చోటు తమరు చూడండి పాస్టరు గారూ, ఇక్కడి చోటు నేను చూసుకుంటాను" అన్నాను.

ప్రతి ఏడూ సమాధుల పండుగకు ఆమె దిబ్బకు సున్నం కొట్టేవాడిని, వానలకు అది కడుక్కుపోయేది. నాదానికి కొట్టలేదు. వాన కోసిన చోట మట్టి ఎగదోసేవాడిని, అంతే.

3. ఇప్పుడు అసలు సంగతి. మూడు వానాకాలాల కిందట తమరి పథకం ఆ ఒడ్డుకు వచ్చింది. సర్కారు డబ్బు, సర్కారు మొక్కలు, నాటడానికి కంట్రాక్టరు. చౌడు నేలలో మొక్క బతకాలంటే వేరు ఉప్పుకు అందకుండా ముందు మట్టి దిబ్బ పోసి, దాని నెత్తిన నాటాలట. ఆ దిబ్బలు పోయవలసింది కంట్రాక్టరు. అతని కూలీలు వచ్చి చూస్తే దిబ్బలు తయారుగా ఉన్నవి. తాడు పట్టినట్టు వరసలుగా ఉన్నవి. ఇంత చక్కటి వరసలు చూసి వాళ్ళు వాటిని తమకు ముందు వచ్చిన సర్కారు మనుషులు పోసిన దిబ్బలే అనుకున్నారు. ఒక్కొక్క దిబ్బ మీద ఒక్కొక్క మొక్క నాటి, పక్కన నంబరు కొట్టిన రేకు ముక్క గుచ్చి వెళ్ళిపోయారు.

వాన వెలిశాక దిబ్బలు చూసుకుందామని పోయినవాడిని నేను. సువార్తమ్మ దిబ్బ నడిమధ్యన నీలగిరి మొక్క, రేకు ముక్క. నేను ఆలోచించలేదు. మొక్క పట్టుకుని పీకి ఏటి వైపు విసిరేశాను. తమరి కాపలా మనిషి ధరంపాల్ పరిగెత్తుకొచ్చి నా రెక్క పట్టుకున్నాడు.

"బాబా, సర్కారీ పేడ్ హై. జేల్ హో జాయేగీ."

సర్కారు చెట్టు పీకితే జైలన్న సంగతి తర్వాత, ముందు కింద చూడు అన్నాను. "నీచే మేరీ బీవీ హై."

అతను కింద చూశాడు. నా రెక్క వదిలాడు. తర్వాత చెప్పులు విడిచి చేత పట్టుకున్నాడు. చుట్టూ వరసలన్నీ చూపించి, ఇవన్నీనా అని అడిగాడు. అన్నీ అన్నాను. పక్కన కానుగ మొక్క నాటి ఉన్న నా ఖాళీ దిబ్బ చూపించి, ఇందులో ఎవరు అని అడిగాడు.

"మై" అన్నాను, నేనే అని.

అతను నన్ను కాళ్ళ నుంచి తల దాకా చూసి వెనక్కి రెండడుగులు వేశాడు.

కూలీల తప్పు అని నేను రాయడం లేదు. కంట్రాక్టరు పోయని దిబ్బలకు బిల్లు పెట్టుకున్నాడో లేదో నాకు అక్కరలేదు. వరసలు అంత తిన్నగా వేసినవాడిని నేను. వంకరగా ఉంటే సమాధులని తెలిసేదేమో.

4. ఆ ఏడు సమాధుల పండుగకు మా వాళ్ళందరూ పూలు, కొవ్వొత్తులు తీసుకుని వచ్చారు. వచ్చి చూస్తే ప్రతి దిబ్బ మీద మొక్క, నంబరు. ఆడవాళ్ళు గొల్లుమన్నారు. మగవాళ్ళకు ఆవేశం వచ్చింది. మా అబ్బాయి రూబెన్ నోయిడాలో ఒక కంపెనీలో అకౌంట్సు చూస్తాడు, గట్టిగా మాట్లాడే మనిషి కాదు, వాడు కూడా గునపం కోసం ఊళ్ళోకి పోయాడు. నేనూ వద్దనలేదు. నేను అప్పటికే ఒకటి పీకినవాడిని.

ఆపింది సరళకుమారి. ఆమె స్టాఫ్ నర్సు. రెండో వరస చివర చిన్న దిబ్బ ఉన్నది, అందులో ఆమె కొడుకు. పుట్టి ఊపిరి తీయలేదు, పేరు కూడా పెట్టలేదు. ఆ బెత్తెడు దిబ్బ మీద కూడా కూలీలు మొక్క పెట్టారు. రూబెన్ గునపం తెచ్చేసరికి ఆమె ఆ దిబ్బ పక్కన కూలబడి, తాగడానికి తెచ్చుకున్న సీసా నీళ్ళు మొక్క మొదట్లో పోస్తున్నది. లేవమ్మా అన్నాను. లేవలేదు.

"బాబాయి గారూ, నేను ప్రతి ఏడూ కొవ్వొత్తి పట్టుకొచ్చి, వెలిగించి, అది ఆరిపోయేదాకా ఊరికే కూర్చుని పోతున్నాను. వీడికి నేను చేసే పని అంటూ ఒక్కటీ లేదు. ఇప్పుడు నీళ్ళు పోసే పని దొరికింది. దీన్ని పీకితే మాత్రం నేను మీ మొహం చూడను."

రూబెన్ గునపం దించాడు. పక్కన ఒక ముసలావిడ తన సీసా మూత తీసింది.

అప్పటి నుంచి ఆదివారం ఆరాధన కాగానే మా వాళ్ళు క్యాన్లు పట్టుకుని ఏటి అవతలకు పోయేవారు. ఊళ్ళో చేతిపంపు దగ్గర పట్టుకునేవారు. చేపలు కడిగిన నీళ్ళు మొక్కకు బలమని కొందరు శనివారం నాటివి డబ్బాలో దాచి బస్సులో తెచ్చేవారు. ఆ వాసనకు కండక్టరు దిగిపొమ్మంటే, మా ఆయనకు పట్టుకుపోతున్నాను దిగను అని ఒకావిడ పోట్లాడింది. ఆమె మొగుడు ఒకటో వరసలో ఉన్నాడు. ఈ సంగతి తమరికి నవ్వులాటగా ఉంటే నవ్వండి, మేమూ నవ్వాము. ఏడ్చి రావడమే తెలిసిన చోటికి మా వాళ్ళు నవ్వుతూ పోవడం నేను అప్పుడే చూశాను.

నేను కూడా పోసేవాడిని. నా కానుగకు.

5. సువార్తమ్మ దిబ్బ మీద మొక్క లేదు. పీకింది నేనే, అందుకు పశ్చాత్తాపం ఏమీ లేదు. ఆమెకు నీలగిరి వాసన పడదు, తల తిరిగేది. కానీ తోట అంతా పచ్చగా లేస్తుంటే ఆమె ఒక్కతే ఎండలో ఉన్నది. ఇంకొక మొక్క అడుగుదామని తమరి నర్సరీకి పోయాను. పథకం కింద మొక్క ఉచితమే, కానీ నేల కాగితాలు చూపాలన్నారు. ఎంత నేల బాబా అని అడిగారు. ఆరడుగులు అన్నాను. పో పొమ్మన్నారు.

ఆ మీదట నిరుడు తమరి మనుషులు బతికిన మొక్కలు లెక్క వేయడానికి వచ్చారు. రేకు నంబరు చదవడం, మొక్క చూడడం, బతికి ఉంటే జిందా అని అరవడం. ఇంకొకడు రాసుకోవడం. జిందా, జిందా, జిందా అంటూ నాలుగో వరసలోకి వచ్చారు. సువార్తమ్మ రేకు దగ్గర ఆగి, మర్ గయా, చచ్చిపోయింది అని అరిచాడు. రాసుకున్నారు. పక్కన నా నంబరు చదివి జిందా అన్నాడు.

ఆ రెండూ నిజమే. కానీ అయ్యా, ఆ రోజు నుంచి నాకు కుదురు లేదు. మా పెళ్ళి నుంచి ఒక్క రేషన్ కార్డులో ఉన్నవాళ్ళం.

6. ఆ ఒడ్డున పథకం కింద నాటిన మొక్కల్లో మావి కాక మిగిలినవి బతకలేదు. కట్ట వెంబడి పోతే ఇనప చట్రాలు ఉన్నవి, లోపల ఏమీ లేదు. మా తోట ఒక్కటే తోట అయింది. పెద్దవాళ్ళు జీపుల్లో వచ్చి ఫోటోలు తీసుకున్నారు. ఇది సర్కారు నిధులతో పెంచిన వనం అని బోర్డు పెట్టారు. చౌడులో ఇంత చక్కగా ఎలా బతికించారు అని ఒక పెద్దాయన కంట్రాక్టరును అడుగుతుంటే నేను అక్కడే క్యాను పట్టుకుని నిలబడి ఉన్నాను. అంతా దేఖ్‌భాల్ సార్, మా సంరక్షణ అన్నాడు. నన్నెవరూ అడగలేదు. అడిగినా చెప్పేవాడిని కాను, శవాలు ఉన్నవంటే ఏం చేస్తారో అని భయం.

బాగా పెరిగింది కాబట్టి కాపాడాలని ఈ ఏడు మార్చిలో చుట్టూ ముళ్ళ తీగ వేశారు, గేటు పెట్టారు, తాళం వేశారు. ఎండిపోయి ఉంటే వేసేవారు కాదు. మేము నీళ్ళు పోసి మా గేటు మేమే మూసుకున్నాము.

7. ఏప్రిల్‌లో ప్రభుదాసు పోయాడు. మా ఆస్పత్రిలో దుప్పట్లు ఉతికేవాడు. అతని తల్లి మూడో వరసలో ఉన్నది. వ్యాను తీసుకుని గేటు దగ్గరకు పోయాము. ధరంపాల్ తాళం తీయలేదు. ఇప్పుడిది అడవి, అడవిలో శవం పూడ్చనివ్వరు, పై ఆర్డరు అన్నాడు. పాస్టరు గారు చేతులు జోడించారు. ప్రభుదాసు భార్య గేటు ముందు మట్టిలో కూర్చున్నది. ఎండ మండిపోతున్నది.

"బాబా, మేరే హాథ్ మే కుఛ్ నహీ హై" అన్నాడు ధరంపాల్ నాతో.

"ఎందుకు లేదు, తాళంచెవి ఉన్నది కదా నీ చేతిలో" అన్నాను. తెలుగులోనే అన్నాను. అర్థమైంది అతనికి. తల దించుకున్నాడు. అయినా తీయలేదు. అతనికీ పిల్లలున్నారు, అతని మీద నాకు కోపం లేదు అని రాయాలని ఉన్నది గాని రాయను, కోపం ఉన్నది.

ప్రభుదాసును ఢిల్లీలో వేరే సంఘం వారిని బతిమాలి వాళ్ళ తోటలో గోడ పక్కన పెట్టాము. అరువు చోటు. అక్కడ మా వాళ్ళు ఎవరూ లేరు. అక్కడివాళ్ళు వేరే భాష మాట్లాడతారు. చచ్చినవాళ్ళకు భాష ఏమిటి అని రూబెన్ అన్నాడు. ఏమో, నాకు తెలియదు, వాడికీ తెలియదు.

8. ఇప్పుడు నా కంగారుకు కారణం చెబుతాను. జూన్ తనిఖీలో మొక్కలు బతికి ఉంటే ఆ నేల శాశ్వతంగా వనం కింద రికార్డులోకి ఎక్కుతుందని, ఆ తర్వాత పూడ్చడం ఎవరి వల్లా కాదని తమరి ఆఫీసులోనే చెప్పారు. మొక్కలు చచ్చి ఉంటే పథకం ఎత్తేస్తారట, తీగ పీకేస్తారట.

రూబెన్ తెలివైనవాడు. "నాన్నా, ఏమీ చేయవద్దు. నీళ్ళు పోయకుండా ఊరుకోండి చాలు. ఈ ఎండలకు అవే పోతాయి. స్థలం మనకు మిగులుతుంది" అన్నాడు.

సబబుగానే తోచింది. ఆదివారం ఆరాధన తర్వాత నేనే లేచి నిలబడి చెప్పాను. తీగ సందుల్లోంచి కూడా ఎవరూ నీళ్ళు పోయవద్దు, జూన్ దాకా ఏటి వైపు పోవద్దు అన్నాను. నా మాట అంటే మా వాళ్ళకు భయం. అందరూ సరే అన్నారు. సరళకుమారి మాత్రం లేచి వెళ్ళిపోయింది.

చెప్పిన రోజు నుంచి నాకు నిద్ర లేదు. ఎండ చూస్తే కాళ్ళు ఆగవు. చివరికి పోయాను. ఊరికే చూసి వద్దామని పోయాను. సరళకుమారి అప్పటికే తీగ బయట నిలబడి ఉన్నది. డ్యూటీ దిగి వచ్చినట్టుంది, తెల్ల బట్టల్లోనే ఉన్నది. మగ్గుతో నీళ్ళు తీగ మీద నుంచి లోపలికి విసురుతున్నది. అవి ఒకటో వరస దాకా పోయి పడుతున్నవి. ఆమె కొడుకు రెండో వరసలో ఉన్నాడు. చెయ్యి తీగకు గీరుకుని రక్తం కారుతున్నది. నన్ను చూసి ఆపలేదు.

"ఒకసారి వాడు నా కళ్ళ ముందే పోయాడు బాబాయి గారూ. నేనేమీ చేయలేకపోయాను. ఇప్పుడు రెండోసారి ఎండిపోతుంటే, స్థలం మిగులుతుంది ఊరుకో అంటారా? ఎవరి కోసం మిగలాలి?"

నాలుగో వరస వైపు చూశాను. నా కానుగ ఆకులు వేలాడేసి ఉన్నది. అది నాకంటే ఎత్తు పెరిగింది. సాయంత్రం ఎండకు దాని నీడ పక్కకు పడి సువార్తమ్మ దిబ్బ సగం దాకా వచ్చి ఉన్నది. మొన్నటి వరకు నాకు ఇది కనబడలేదు, ఎప్పుడూ ఆదివారం మధ్యాహ్నం పోయేవాడిని కదా. ఆమెకు మొక్క ఇవ్వలేదని నర్సరీ వాళ్ళను తిట్టుకుంటున్నాను గాని, ఆ చెట్టు ఆమెకు నీడ పడుతూనే ఉన్నది. నేను నీళ్ళు ఆపమని చెప్పింది ఆ చెట్టుకు.

కావున తమరిని కోరుకొనుట ఏమనగా,

తోటను తమరు అడవి అని రాసుకోండి. మాకు అభ్యంతరం లేదు. బోర్డు మీద మా పేరు అక్కరలేదు. చెట్టు కొట్టము, కొమ్మ విరవము, సిలువ కూడా పాతము. చెట్టుకూ చెట్టుకూ మధ్య ఉన్న నేలలో మా వాళ్ళను పెట్టుకోనివ్వండి. వేరు తెగకుండా ఎంత దూరంలో తవ్వాలో తమరి మనిషిని చూపించమనండి, తాడు నేను పట్టుకుంటాను. పెట్టిన ప్రతి ఒక్కరి మీద ఒక మొక్క నాటి పెంచి ఇస్తాము. ఇలాంటి పథకం తమరికి ఇంకెక్కడా దొరకదు. తమరి సర్కారు మొక్క ఇస్తుంది, నాటిన వారం తర్వాత దానికి నీళ్ళు పోయడానికి ఎవరూ ఉండరు. మాకు పోసేవాళ్ళు ఉన్నారు.

ప్రభుదాసును ఆ గోడ పక్క నుంచి తెచ్చుకోనివ్వండి. అతని తల్లి మూడో వరసలో ఉన్నదని పైన రాశాను.

ఒక కానుగ మొక్క ఇప్పించండి. నేల కాగితం అడగవద్దు. నాలుగో వరస, మర్ గయా అని రాసుకున్న నంబరు. నీలగిరి ఇస్తే మళ్ళీ పీకుతాను, ముందే చెబుతున్నాను.

ఇక నా సంగతి. నా దిబ్బ మీద కానుగ నాటడం వల్ల నా సీటు పోయింది. అది కొట్టి నన్ను పెట్టమని నేను అడగను. ఆమెకూ ఆ చెట్టుకూ మధ్యన సందు ఉన్నది. కొలిచాను, కాస్త ఇరుకు. నేను లావు మనిషిని కాను, సరిపోతాను. ఆ సందు వరకు నాకు ఆపి ఉంచమని కోరుచున్నాను.

పై సంగతులన్నీ చిత్తగించవలెను. తనిఖీ తర్వాత చిత్తగించితే ఉపయోగం లేదు గనుక ముందే చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయుడు (తాళం విషయంలో తప్ప),
చాట్ల కృపారావు,
రిటైర్డు లిఫ్టు ఆపరేటరు.

మరొక మనవి: అర్జీ ముగించి సంతకం పెట్టాక కూడా నాకు కుదురు చిక్కలేదు. అందుకని ఇది ఇవ్వడానికి వచ్చే ముందు ఏటి అవతలకు పోయి తమరి తాళం పగలగొట్టాను. రాయితో కొట్టాను, నేనే కొట్టాను. ధరంపాల్ దూరం నుంచి చూశాడు గాని అటు తిరిగి బీడీ ముట్టించుకున్నాడు, అతనిని ఏమీ అనవద్దు. సరళకుమారికి కబురు పంపాను. మా వాళ్ళందరూ క్యాన్లతో వచ్చారు, రూబెన్ కూడా ఆఫీసు నుంచి బూట్లతోనే వచ్చి చేతిపంపు కొట్టాడు. నాలుగు వరసలకూ నీళ్ళు పోశాము. ఇక జూన్‌లో తమరి మనుషులు వచ్చి జిందా అని రాసుకోవచ్చు. ఆ తర్వాత మా గతి ఏమిటన్నది తమరి చేతిలో ఉన్నది.

గేటు తెరిచి ఉంచితే మేకలు పడతాయి కాబట్టి కొత్త తాళం కొని వేశాను. తమరిదాని కంటే గట్టిది. దానికి రెండు చెవులు వచ్చినవి. ఒకటి ఈ కవరులో పెట్టాను. రెండోది నా దగ్గర ఉన్నది.